ఇంటి వైర్లకు ఎక్స్‌పైరీ డేట్ ఉంటుందా?

"పాతికేళ్ళ వైరింగ్ సార్, మొత్తం పీకేయాల్సిందే." ఈ మాట విని కంగారుగా నాకు ఫోన్ చేసేవాళ్ళు లేని నెల లేదు.

అపోహ: పీవీసీ వైరు ఇన్నేళ్ళే పనిచేస్తుంది.

వాస్తవం: వైరును ముసలిదాన్ని చేసేది ఏళ్ళు కాదు, వేడి. పీవీసీ స్వతహాగా పెళుసు. మెత్తగా ఉండటానికి అందులో ప్లాస్టిసైజర్ కలుపుతారు. వేడికి అది కొద్దికొద్దిగా ఆవిరైపోతే, మిగిలిన తొడుగు వంచగానే అప్పడంలా పెళపెళమంటుంది. మామూలు పీవీసీ వైరుకు 70 డిగ్రీలు హద్దు. అది దాటాక దాదాపు ప్రతి 8-10 డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుందని మా లెక్క. లైట్లు, ఫ్యాన్ల వైర్లు ఆ దరిదాపులకే పోవు. ఏసీ, గీజర్ వైర్లు పోతాయి. వాటిలోనూ ముందు చెడేది స్క్రూ వదులైన చోట, ఆ కొన దగ్గరే.

విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక రిటైర్డ్ టీచరుగారు గోడలన్నీ పగలగొట్టించడానికి ఎఫ్‌డీ తీసేద్దామనుకుంటూ నన్ను పిలిచారు. గీజర్ సాకెట్ విప్పితే వైరు కొన గోధుమరంగుకి మాడి ఉంది. జానెడు బయటికి లాగితే లోపలంతా మెత్తగా, నిగనిగలాడుతోంది. మాడినంత మేర కోసి, సాకెట్ మార్చాం. అసలు ప్రమాదం ఏసీ దగ్గర ఉంది. 1.5 స్క్వేర్ ఎంఎం సన్న వైరు మీద ఏసీ పెట్టి, ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే లైను ఆపేసే స్విచ్) ఊరికే పడిపోతోందని ఎవరో 32 ఆంప్స్‌ది బిగించి పోయారు! ఆ ఒక్క లైనుకీ కొత్త 4 స్క్వేర్ ఎంఎం లాగి, ఎంసీబీ కూడా దానికి తగ్గది వేశాం. "నాలుగు రోజులుగా నిద్ర లేదు బాబూ" అన్నారావిడ. పెద్దవాళ్ళను భయపెట్టి బేరం కుదుర్చుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అపోహ: మెగ్గర్ (తొడుగులోంచి కరెంటు లీకవుతోందేమో చూసే మీటరు) రీడింగ్ బాగుంటే వైరు బాగున్నట్టే.

వాస్తవం: బీటలు వారిన వైరు కూడా పొడిగా ఉన్నంతసేపు 500 వోల్టుల మెగ్గర్ దగ్గర దర్జాగా పాసైపోతుంది. చెమ్మ తగిలాకే దాని బండారం బయటపడుతుంది. మీ ఎలక్ట్రీషియన్‌ను మెయిన్ ఆపి, కొనలు వంచి కూడా చూడమనండి.

అపోహ: ఉప్పుగాలి వైర్లను తినేస్తుంది.

వాస్తవం: అది తినేది తొడుగును కాదు, స్క్రూలను, టెర్మినళ్ళను. అక్కడ పట్టు చెడి వేడి పుడితే, ఆ వేడికి తొడుగు మాడుతుంది. సముద్రం పక్కన లాసన్స్‌బే కాలనీ వైపు ఉండేవాళ్ళు ఏడాదికోసారి బోర్డులు విప్పించి బిగించుకుంటే చాలు.

ఎండకు చెడుతుందన్నది మాత్రం నిజమే. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత డాబాల మీద తాత్కాలికంగా లాగిన వైర్లు ఇంకా వేలాడుతుంటే ముందు వాటిని తీయించండి. ఎఫ్ఆర్ (ఫ్లేమ్ రిటార్డెంట్) వైరు అసలు కాలదనుకోకండి, మంట పాకకుండా చూస్తుందంతే. ఇంకోటి, ఫాల్స్ సీలింగ్‌లో థర్మకోల్‌కు పీవీసీ వైరు తగలనివ్వకండి. అది ప్లాస్టిసైజర్‌ను లాగేస్తుంది, వైరు గట్టిపడుతుంది, థర్మకోలేమో కరుగుతుంది. సీలింగ్ మూసేశాక చూసేవాళ్ళుండరు కాబట్టి పని జరుగుతున్నప్పుడే అడగండి.