తల్లిపాలతో వచ్చే నట్టలు

పిల్లిపిల్లను ఇంటికి తెచ్చుకున్న కొత్తలో దాని పొట్ట గుండ్రంగా కనిపిస్తే కడుపునిండా తింటోందని మురిసిపోతాం. ఒకసారి వెన్ను నిమిరి చూడండి. వెన్నుపూసలు చేతికి తగులుతూ, బొచ్చు కళ తప్పి, పొట్ట ఒక్కటే ఉబ్బి ఉంటే లోపల ఉన్నది తిండి కాకపోవచ్చు. పైపెదవి కాస్త ఎత్తి చిగుళ్లు కూడా చూడండి. గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే పేగులో రక్తం తాగే కొంకిపురుగులనో, ఒంటినిండా పట్టిన గోమార్లనో (బొచ్చులో గెంతే ఫ్లీలు) అనుమానించి అదే రోజు పశువైద్యుడికి చూపించాలి.

"గడప దాటని పిల్లకు నట్టలెక్కడివి?" అని చాలామంది అడుగుతారు. తల్లి నుంచే. పిల్లుల్లో తరచుగా కనిపించే ఏలికపాము పేరు టాక్సోకారా కాటి. కడుపుతో ఉన్న పిల్లి ఒళ్లు నాక్కుంటూ మట్టిలోని గుడ్లను మింగినా, లార్వాలు (పిల్ల పురుగులు) ఉన్న ఎలుకను తిన్నా, ఆ లార్వాలు దాని ఒంట్లో తిరిగి తిరిగి పాలలోకి చేరతాయి. కుక్కల్లో దీని దాయాది పురుగు మాయ (ప్లాసెంటా) గుండా, పుట్టకముందే పిల్లకు అంటుకుంటుంది. పిల్లుల్లో ఆ దారి లేదు, తల్లి నుంచి పిల్లకు పాలే దారి. అందుకే కళ్లు కూడా సరిగా తెరవని కూనకు మొదటి గుక్కల్లోనే నట్టలు పట్టవచ్చు.

ఈ సంగతి తెలిస్తే మందు అన్నిసార్లు ఎందుకో అర్థమవుతుంది. కూనలకు ఎక్కువగా వాడేది పైరాంటెల్ సిరప్. ఇది పేగులోంచి రక్తంలోకి పెద్దగా ఇంకదు. అంత చిన్న ప్రాణికీ నిశ్చింతగా ఇవ్వగలుగుతున్నది అందుకే, దాని పరిమితీ అదే. పేగులో ఉన్న పురుగు కండరాలను బిగదీసి కదలకుండా చేస్తుంది. పట్టు తప్పిన పురుగు విరేచనంతో బయటికి పోతుంది. పాత మందు పైపెరజీన్ పనితీరు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, అది కండరాలను వదులు చేస్తుంది. రెండూ కలిపి ఇస్తే ఒకదాన్నొకటి దెబ్బతీసుకుంటాయి. సరే, పైరాంటెల్ పేగు దాటి పోదు కాబట్టి ఒంట్లో వేరేచోట ఉన్న లార్వాలను ఏమీ చేయలేదు, రేపటి పాలతో వచ్చేవాటినీ ఆపలేదు. అందువల్ల 2 లేదా 3 వారాల వయసులో మొదలుపెట్టి, పాలు మానేదాకా, మానాక కూడా ఒకసారి, రెండేసి వారాలకు ఇస్తారు. ఆపైన 6 నెలల వయసు వచ్చేదాకా నెలకోసారి. తల్లి దగ్గరే ఉంటే దానికీ పట్టించాలి. వెనకటి కథ తెలియని పిల్లను తెచ్చుకుంటే మొదటి మోతాదు వెంటనే, రెండోది రెండు వారాలకు.

తప్పు జరిగేది ఈ రెండో మోతాదు దగ్గరే. విరేచనంలో 3 నుంచి 10 సెంటీమీటర్ల లేత పసుపు పురుగులు చుట్టలు చుట్టుకుని పడితే "అన్నీ పోయాయి" అనుకుంటారు. ఏమీ పడకపోతే "అసలు లేవు" అనుకుంటారు. ఎలాగైనా రెండోది మానేస్తారు. మల పరీక్షకూ ఇదే చిక్కు: అందులో వెతికేది గుడ్లను. ఇంకా ఎదగని పురుగు గుడ్లు పెట్టదు, కాబట్టి పరీక్షలో ఏమీ కనిపించకపోయినా లోపల ఉండవచ్చు.

మోతాదు బరువును బట్టే. నెల పిల్ల సుమారు అర కిలో ఉంటుంది, వంటింటి కాటా చాలు. ఏటా ఫిబ్రవరి 10న బడిపిల్లలకిచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఇంట్లో మిగిలింది కదా అని చిదిమి వేయకండి. అది 400 మిల్లీగ్రాములు, పైగా ఆ మందు పిల్లుల ఎముక మజ్జను దెబ్బతీసిన సందర్భాలున్నాయి. వెల్లుల్లి వైద్యం మరీ అన్యాయం. వెల్లుల్లి పిల్లుల ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది, నట్టల వల్ల ముందే రక్తం తక్కువైన కూనకు అది పెట్టడమేమిటి!

బద్దెపురుగు దారి వేరు. తోక కింద దోసగింజల్లాంటి ముక్కలు కనిపిస్తే అది డైపిలిడియం అనే బద్దెపురుగు. గోమారు లార్వా దీని గుడ్లను తింటుంది, పెద్దయిన ఆ గోమారును పిల్లి నాక్కుంటూ మింగుతుంది. దీనిమీద పైరాంటెల్ పనిచేయదు, ప్రాజిక్వాంటెల్ కావాలి. గోమార్లను వదిలించకపోతే కొద్ది వారాల్లో మళ్లీ మొదటికే వస్తుంది. అలాగని కుక్కలకు వాడే పెర్మెత్రిన్ చుక్కలు మాత్రం పిల్లి మీద వేయకూడదు. పిల్లి కాలేయం దాన్ని సరిగా విరిచేయలేదు. వణుకు, ఫిట్స్, ఒక్కోసారి చావు.

ఇక ఇంట్లో పసిపిల్లల మాట. టాక్సోకారా లార్వాలు మనిషి ఒంట్లోకి పోతే పెద్ద పురుగులుగా ఎదగలేవు, కానీ కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, అరుదుగా కంట్లో తిరుగుతాయి. అయితే అప్పుడే పడిన మలంలోని గుడ్డు అంటుకోదు. దానిలో లార్వా తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి లిట్టర్ డబ్బాలో పడిన మలాన్ని రోజూ ఎత్తి పారేస్తే గొడవ అక్కడికక్కడే తెగిపోతుంది. మట్టిలో కలిస్తే మాత్రం ఆ గుడ్లు నెలలు, ఏళ్లు కూడా బతికుంటాయి. వీధిలో కట్టుబడికి పోసిన ఇసుక కుప్ప పిల్లులకు ఇష్టమైన మరుగుదొడ్డి, మన పిల్లలకు ఇష్టమైన ఆటస్థలం. రాత్రికి దానిమీద ఒక టార్పాలిన్ కప్పించండి.