ఎల్లో ఫీవర్ టీకా పదేళ్లకే అయిపోతుందా?

నైజీరియాలో ఫ్యాక్టరీ సూపర్‌వైజరుగా పనిచేసే ఒకాయన మొన్న మా టీకా గదికి వచ్చి, ఎల్లో ఫీవర్ (దోమలు మోసే వైరస్ జబ్బు) టీకా వేయించుకున్నట్టు రుజువుగా ఇచ్చే తన పసుపు రంగు కార్డు టేబుల్ మీద పరిచాడు. మడతలు చిరిగితే టేపు అంటించుకున్నాడు. "2013లో వేయించుకున్నా మేడమ్. డేటు అయిపోయింది. ఫ్లైటేమో ఎల్లుండి!" మనిషి పూర్తి టెన్షన్‌లో ఉన్నాడు.

అపోహ: పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి.

వాస్తవం: చాలామందికి అక్కర్లేదు. ఒకప్పుడు ఆ నిబంధన నిజంగానే ఉండేది కాబట్టి, భయపడేవాళ్లను నేను తప్పుపట్టను. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు పాత లెక్కలన్నీ తిరగేశారు. 1930ల నుంచి 60 కోట్ల డోసులు వేస్తే, టీకా పడ్డాక కూడా జబ్బు చేసినవాళ్లు 12 మందే కనిపించారు. వాళ్లకైనా టీకా వేసిన ఐదేళ్లలోపే వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ టీకా పట్టు సడలిపోతుంటే, ఎప్పుడో టీకా వేయించుకున్నవాళ్లలోనే ఎక్కువ కేసులు రావాలి కదా! అలా జరగలేదు. ఈ టీకాలో ఉండేది బలహీనపరిచిన సజీవ వైరస్. అది ఒంట్లో కొద్దిరోజులు పెరుగుతుంది, అందుకే శరీరం దాన్ని అంత గట్టిగా గుర్తుపెట్టుకుంటుంది.

2016 జులై 11 నుంచి అంతర్జాతీయ నిబంధన కూడా మారింది. కార్డు జీవితాంతం చెల్లుతుంది, పదేళ్ల గడువు రాసి ఉన్న పాత కార్డులు కూడా.

"అయితే ఆ డేటు పెన్నుతో కొట్టేయనా?" అన్నాడాయన. వద్దని గట్టిగా చెప్పాను. దిద్దుబాటు కనిపిస్తే మంచి కార్డు కాస్తా చెల్లకుండా పోవచ్చు.

అపోహ: అయితే ఎవరికీ రెండో డోసు అవసరం లేదు.

వాస్తవం: కొందరికి ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు తొలి టీకా పడినవారు, హెచ్‌ఐవీ ఉన్నవారు, టీకా తర్వాత ఎముక మజ్జ మార్పిడి జరిగినవారు ప్రయాణానికి ముందు డాక్టర్‌ను అడగాలి. పసివాళ్ల సంగతీ వేరు. బ్రెజిల్‌లో 9 నెలలకు ఒకటి వేసి, 4 ఏళ్లకు ఇంకొకటి వేస్తారు.

అపోహ: ఇవాళ వేయించుకుని రేపు ఎక్కేయొచ్చు.

వాస్తవం: తొలిసారి వేయించుకున్నవారి కార్డు పదో రోజు నుంచే చెల్లుతుంది. రక్షణ ఏర్పడటానికీ దాదాపు అంత సమయం పడుతుంది. చివరి వారంలో పరుగున వచ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: మనదేశంలో ఈ జబ్బే లేదు, తిరిగొచ్చేటప్పుడు కార్డెందుకు?

వాస్తవం: జబ్బు లేదు గానీ, దాన్ని మోసే ఏడిస్ దోమ మన ఇళ్లలోనే ఉంది. డెంగీ తెచ్చేదీ అదే. అందుకే జబ్బున్న దేశాల నుంచి కార్డు లేకుండా దిగితే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. కార్డును పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోండి, ఫోన్‌లో ఫొటో ఉన్నా సరే.