కుర్చీ ఒకరిది, చందా ఇంకొకరిది: మూవీపాస్ పతనం వెనుక కథ

అమెరికాలో నెలకు 9.95 డాలర్లు కడితే రోజుకొక సినిమా చొప్పున హాల్లో చూసుకోవచ్చని 2017 ఆగస్టు 15న మూవీపాస్ ప్రకటించినప్పుడు, ఆ దేశంలో ఒక్క టికెట్ సగటు ధరే దాదాపు 9 డాలర్లుగా ఉంది. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ వంటి నగరాల్లో అది 15 డాలర్లు దాటేది. చందాదారు నెలలో రెండో సినిమాకు వెళ్లిన క్షణం నుంచీ సంస్థకు నష్టం మొదలవుతుందని తెలుసుకోవడానికి పెద్ద లెక్కలేమీ అక్కరలేదు. అయినా ఆ పథకాన్ని లక్షలాది మంది ఎగబడి తీసుకున్నారు, వాల్‌స్ట్రీట్‌లో దాని యజమాని సంస్థ షేరు ఆకాశానికి ఎగసింది, రెండేళ్లు తిరిగేసరికి సేవే మూతపడింది. ధర మరీ తక్కువ కావడం వల్లనే అది కూలిందని సాధారణంగా చెబుతారు. అది నిజమే గానీ సగం నిజం. తనది కాని సరుకును, తాను నిర్ణయించలేని ధరకు కొని అమ్మే వ్యాపారంగా అది పుట్టుకలోనే రూపుదిద్దుకుంది.

సినిమా మార్కెటింగ్‌లో అనుభవమున్న స్టేసీ స్పైక్స్, పెట్టుబడుల రంగం నుంచి వచ్చిన హామెట్ వాట్ కలిసి 2011లో మూవీపాస్‌ను స్థాపించారు. ఆ ఏడాదే శాన్ ఫ్రాన్సిస్కోలో నెలకు 50 డాలర్ల చందాతో ప్రయోగం మొదలుపెట్టగానే, తమను అడగకుండానే తమ హాళ్లను అందులో చేర్చారంటూ ఏఎంసీ వంటి థియేటర్ సంస్థలు అడ్డం తిరిగాయి. ప్రయోగం అక్కడితో ఆగిపోయింది. థియేటర్ల అనుమతి అవసరం లేని దారి కోసం వెతికిన వ్యవస్థాపకులు మరుసటి ఏడాది ఒక ఉపాయం కనిపెట్టారు. చందాదారుకు డబ్బు చెల్లించడానికి వాడే ఒక కార్డు ఇస్తారు. అతడు హాలు దగ్గరికి వెళ్లి ఫోన్‌లోని యాప్‌లో సినిమానూ ఆటనూ ఎంచుకుంటే, సరిగ్గా ఆ టికెట్ ధర ఎంతో అంత సొమ్ము కార్డులోకి చేరుతుంది, దానితో అతడు కౌంటర్లో మామూలు ప్రేక్షకుడిలాగే టికెట్ కొంటాడు. థియేటరువారికి కార్డును కాదనే అవకాశం తక్కువ, కాదనాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే వారికి పూర్తి ధర అందుతుంది.

ఉపాయం తెలివైనదే. అయితే దానిలోనే ఉచ్చు ఉంది. ప్రతి టికెట్‌కూ మూవీపాస్ పూర్తి చిల్లర ధర చెల్లిస్తుంది, కుర్చీలు ఖాళీగా ఉన్న మంగళవారం మధ్యాహ్నపు ఆటకైనా దమ్మిడీ తగ్గింపు ఉండదు. చందా ఎక్కువగా ఉన్నంతకాలం ఈ లోపం కొంత కప్పబడి ఉండేది. 2017 నాటికి చందాదారులు ఇరవై వేల చుట్టుపక్కలే ఉండటంతో సంస్థ పెరగనూ లేదు, పూర్తిగా మునగనూ లేదు.

ఇదే ఆలోచన ఐరోపాలో అప్పటికే పాతబడింది. ఫ్రాన్స్‌లో యూజీసీ అనే థియేటర్ సంస్థ 2000 మార్చిలోనే నెలకు 98 ఫ్రాంకులకు ఎన్ని సినిమాలైనా చూడగల కార్డును ప్రవేశపెట్టింది. చిన్న హాళ్లు నష్టపోతాయని అక్కడ పెద్ద గొడవ జరిగింది, 2001లో అటువంటి కార్డులను ప్రభుత్వ నియంత్రణ కిందికి తెస్తూ చట్టం చేశారు, ఆ తర్వాత కార్డు స్థిరపడిపోయింది. యూజీసీ కుర్చీ యూజీసీదే కాబట్టి, ఎలాగూ ఖాళీగా ఉండే కుర్చీలో చందాదారు కూర్చుంటే దానికి అదనంగా పడే ఖర్చు తక్కువ. డిస్ట్రిబ్యూటర్ వాటా పోయినా తన వాటా తన దగ్గరే మిగులుతుంది, అతడు కొనే పాప్‌కార్న్ మీద లాభం కూడా తనదే. మూవీపాస్‌కు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

మూవీపాస్‌కు 2016లో సీఈఓగా వచ్చిన మిచ్ లోవ్ నెట్‌ఫ్లిక్స్ తొలినాళ్ల అధికారుల్లో ఒకరు, డీవీడీలను అద్దెకిచ్చే రెడ్‌బాక్స్‌కు అధ్యక్షుడిగా కూడా పనిచేశారు. మరుసటి ఏడాది హీలియోస్ అండ్ మాథెసన్ అనలిటిక్స్ అనే సంస్థ 2.7 కోట్ల డాలర్లతో మూవీపాస్‌లో మెజారిటీ వాటా కొన్నది. దీని మూలం మనవైపు ఉండటం ఒక విచిత్రం. న్యూయార్క్‌లోని ఒక పాత కన్సల్టింగ్ సంస్థను చెన్నైకి చెందిన హీలియోస్ అండ్ మాథెసన్ 2006లో చేజిక్కించుకోగా దానికి ఆ పేరు వచ్చింది. తర్వాతి కాలంలో చెన్నై సంస్థ డిపాజిటర్లకు సొమ్ము తిరిగి చెల్లించలేక కుప్పకూలింది. అమెరికా సంస్థ మాత్రం 2016లో టెడ్ ఫార్న్స్‌వర్త్ నడుపుతున్న జోన్ టెక్నాలజీస్‌ను కలుపుకొని, ఆయన నాయకత్వంలో, పెద్ద మొత్తంలో సమాచారాన్ని విశ్లేషించే సంస్థగా తనను తాను చెప్పుకోసాగింది.

చందా 9.95 డాలర్లకు పడింది ఈ చేతుల్లోనే. రెండు రోజుల్లో లక్షన్నర మంది చేరారు. డిసెంబరులో పది లక్షలు, 2018 ఫిబ్రవరిలో ఇరవై లక్షలు, జూన్‌లో ముప్ఫై లక్షలు దాటారు. అంత పెద్ద గుంపును చూపించి థియేటర్ల నుంచి టికెట్‌లోనూ తినుబండారాలలోనూ వాటా రాబట్టవచ్చని, చందాదారుల అలవాట్ల సమాచారంతో స్టూడియోల నుంచి ప్రకటనల ఆదాయం పొందవచ్చని యాజమాన్యం చెబుతూ వచ్చింది. ఏఎంసీ మొదటి రోజే, సీసాన్ని బంగారంగా మార్చడం కుదరదని ఎద్దేవా చేసింది, ఆ తర్వాత వాటా ఇచ్చే ప్రసక్తే లేదన్నది. పూర్తి ధర ఎలాగూ చేతికందుతున్నప్పుడు ఏ వ్యాపారి మాత్రం బేరానికి దిగుతాడు? 2018 జనవరిలో పది పెద్ద ఏఎంసీ హాళ్లను యాప్ నుంచి తొలగించి మూవీపాస్ బెదిరించి చూసినా ఫలితం లేకపోయింది. సమాచారం అమ్ముకునే ఆశకూ దెబ్బ తగిలింది. చందాదారులు ఇంటి నుంచి హాలుకు ఎలా వెళ్తున్నారో, తర్వాత ఎక్కడికి వెళ్తున్నారో తాము గమనిస్తామని లోవ్ 2018 మార్చిలో ఒక సభలో అనడంతో దుమారం రేగి, ఆ మాటను ఆయన వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఈలోపు నెలకు సగటున రెండు కోట్ల డాలర్లకు పైగా కరిగిపోతూ వచ్చాయి. ఆ లోటును హీలియోస్ కొత్త షేర్లు అచ్చువేసి అమ్మి పూడ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, వాటాదారుల సొమ్ముతో ఇతరుల హాళ్లలో ప్రేక్షకులకు సినిమాలు చూపించడమే ఆ ఏడాది పాటు జరిగిన వ్యాపారం. అది చాలదన్నట్టు సినిమా ఆటల వివరాలు తెలిపే మూవీఫోన్ అనే సేవను కొనడం, సినిమాలలో పెట్టుబడి పెట్టడం కూడా మొదలుపెట్టారు.

2018లో అమెరికాలో తెలుగు సినిమా వసూళ్లపై జరిగిన చర్చల్లోనూ మూవీపాస్ పేరు తరచూ వినిపించింది. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి వెళ్లి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడినవారికి మన సినిమా టికెట్ అక్కడి సాధారణ టికెట్ కంటే ఖరీదుగా ఉంటుంది కనుక, చందా కార్డుతో చూడగలగడం చెప్పుకోదగ్గ వెసులుబాటు. బయ్యర్‌కు పూర్తి వాటా ముడుతుంది, ప్రేక్షకుడికి భారం తగ్గుతుంది. మధ్యలోని తేడాను మూవీపాస్ భరించేది.

2018 జులైలో పరిస్థితి చేయి దాటింది. రద్దీ ఆటలకు అదనపు రుసుము మొదలైంది. అడుగంటిన షేరు ధరను పైకి చూపేందుకు 25న హీలియోస్ 250 పాత షేర్లను ఒకటిగా కలిపింది. ఆ మరునాడే చెల్లింపులకు డబ్బు లేక సేవ ఆగిపోయింది, యాభై లక్షల డాలర్ల అత్యవసర అప్పుతో తిరిగి ప్రారంభమైంది. వారాంతంలో విడుదలైన పెద్ద సినిమాలు యాప్‌లో కనిపించకుండా పోయాయి. చందాను 14.95 డాలర్లకు పెంచుతామని చెప్పి, వారం తిరగకుండానే ఆ మాట మార్చి, పాత ధరకే నెలకు మూడు సినిమాలన్నారు. షేరు మూడు వారాలు తిరగకముందే పది సెంట్ల కిందికి పడిపోయింది.

సరిగ్గా అదే వేసవిలో, జూన్ 26న, ఏఎంసీ సొంత చందాను తెచ్చింది. 19.95 డాలర్లకు వారానికి మూడు సినిమాలు. రెట్టింపు ధర అయినా జనం చేరారు, ఎందుకంటే ఆ కార్డు పనిచేసేది. అంతకుముందు డిసెంబరులో సినిమార్క్, 2019 జులైలో రీగల్ అనే థియేటర్ సంస్థలు కూడా తమ తమ చందాలు తెచ్చాయి. జనానికి చందా అలవాటు చేసిన ఖర్చు మూవీపాస్‌ది, పంట థియేటర్లది. మూవీపాస్‌తో పోటీపడిన సినెమియా కూడా సొంత హాళ్లు లేనిదే, 2019 ఏప్రిల్‌లో అమెరికాలో తలుపులు మూసింది.

మూవీపాస్ సేవ 2019 సెప్టెంబరు 14న ఆగింది, హీలియోస్ 2020 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. అసలు బండారం 2021లో వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపణలతో బయటపడింది. ఎక్కువ సినిమాలు చూస్తున్న దాదాపు 75,000 మంది పాస్‌వర్డులను, అనుమానాస్పద లావాదేవీల సాకుతో, సంస్థే పనిచేయకుండా చేసిందని కమిషన్ చెప్పింది. అపరిమితమని అమ్మిన సరుకును వాడుకున్నందుకే చందాదారు శత్రువైపోయాడన్న మాట. మదుపరులను మోసం చేసిన కేసులో లోవ్ 2024లో, ఫార్న్స్‌వర్త్ 2025లో నేరాన్ని అంగీకరించారు.

2018 జనవరిలోనే సంస్థ నుంచి తొలగింపుకు గురైన స్పైక్స్ దివాలా ఆస్తుల నుంచి ఆ పేరును 2021లో తిరిగి కొని, మరుసటి ఏడాది పరిమిత క్రెడిట్ల (చందాతో వచ్చే పాయింట్ల) పద్ధతిలో సేవను పునఃప్రారంభించారు. అందులో ఆటనూ రోజునూ బట్టి క్రెడిట్లు ఖర్చవుతాయి, అంటే ఖాళీ మధ్యాహ్నానికీ శుక్రవారం రాత్రికీ తేడా ఉంటుంది. భారత్‌లో పీవీఆర్ ఐనాక్స్ 2023 అక్టోబరులో తెచ్చిన పాస్‌పోర్ట్ అనే చందాది కూడా దాదాపు ఇదే లెక్క. అప్పట్లో నెలకు 699 రూపాయలకు పది సినిమాలు, అవీ సోమవారం నుంచి గురువారం వరకే, ప్రీమియం తెరలకు వర్తించేది కాదు. కుర్చీలు సంస్థవే, ఖాళీగా ఉండే రోజులూ దానికి తెలుసు. టికెట్ ధరలను ప్రభుత్వ ఉత్తర్వులు కట్టడి చేసే తెలుగు రాష్ట్రాలతో సహా దక్షిణాదిని మాత్రం తొలి ప్రకటనలో ఆ పథకం నుంచి మినహాయించారు.