అన్నిటినీ తాకేది ఒకే నీళ్లు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

కంప్యూటరుని నీళ్లతో చల్లబరచాలని ముచ్చటపడుతున్నారు కదా, డబ్బు పెట్టే ముందు ఈ ఉత్తరం చదవండి. ఫ్యాక్టరీలోనే నీళ్లు నింపి మూసేసి అమ్మే ఏఐఓల (ఆల్-ఇన్-వన్ కూలర్ల) గురించి కాదు. బ్లాకులు (చిప్పు మీద కూర్చుని దాని వేడిని నీళ్లకిచ్చే దిమ్మెలు), పంపు, రేడియేటర్లు (ఆ వేడిని ఫ్యాన్లతో గాలిలోకి వదిలేవి) విడివిడిగా కొని, ట్యూబులు కోసి, మీ చేత్తో మీరే బిగించుకునే లూపు, అంటే నీళ్లు చుట్టూ తిరిగే దారి గురించి. ప్రాసెసర్ బ్లాకులో తిరిగిన నీళ్లే రేడియేటర్లోకి వెళ్తాయి, పంపులోకి వస్తాయి, ప్రతి రబ్బరు రింగునీ తడుపుతాయి. ఒక చోట చెడితే ఆ చెడు అన్ని చోట్లకీ చేరుతుంది. కాబట్టి ఏది కొన్నా, మిగతా వాటితో కలిసి ఒకే నీళ్లలో ఉండగలదా అని చూసి కొనాలి.

ముందు లోహాలు. రాగి, ఇత్తడి, నికెల్ పూత వేసిన రాగి కలిసి ఉండగలవు. అల్యూమినియం వాటితో పొసగదు. రాగి, అల్యూమినియం ఒకే నీళ్లలో ఉంటే రెండూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. అల్యూమినియం కొద్దికొద్దిగా తరిగిపోతుంది, ఆ మడ్డి బ్లాకు సందుల్లో చేరుతుంది, చివరికి రేడియేటర్‌కి చిల్లు పడుతుంది. చాలా ఏఐఓల్లో అల్యూమినియం రేడియేటర్, రాగి పలక కలిసే ఉంటాయి కదా అంటారేమో. వాటిని మూసేసి, తుప్పు పట్టకుండా మందు కలిపి పంపుతారు కనుక కొన్నేళ్లు నడుస్తాయి. అలాంటి రేడియేటర్ని విప్పి మీ లూపులో పెట్టకండి. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించే రేడియేటర్లలో అల్యూమినియంవి బోలెడు ఉంటాయి. వివరాల్లో రాగి అని స్పష్టంగా రాసి లేకపోతే వదిలేయండి.

ఇక ఎంత రేడియేటర్ కావాలి? ఒక్కో 120 మి.మీ. ఫ్యానుకి సుమారు 100 వాట్ల వేడి అని లెక్కేసుకుంటే ఫ్యాన్లు గోల చేయకుండా నెమ్మదిగా తిరుగుతాయి. ప్రాసెసర్ 120 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 280 వాట్లు అనుకుందాం. మొత్తం 400, అంటే నాలుగు ఫ్యాన్ల రేడియేటర్. ఒక 360 మి.మీ. (మూడు ఫ్యాన్లది), ఒక 240 మి.మీ. (రెండు ఫ్యాన్లది) రేడియేటర్ పెడితే ఐదు అవుతాయి, హాయిగా సరిపోతుంది. మన ఎండల్ని కూడా లెక్కలోకి తీసుకోండి. రేడియేటర్ ఎంత పెద్దదైనా నీళ్లు గది కన్నా చల్లబడవు. మే నెలలో ఏసీ లేని విజయవాడ గదిలో 38 డిగ్రీలుంటే, నీళ్లు మరో 10 డిగ్రీలు ఎక్కి 48 దగ్గర ఉంటాయి. డీ5 లాంటి పంపులకు హద్దు 60 డిగ్రీలు. రేడియేటర్ విషయంలో పిసినారితనం పనికిరాదని చెప్పేది ఇందుకే. దానికి దుమ్ము తోడైతే హద్దు ఇంకా దగ్గర పడుతుంది, గాలి లోపలికి వచ్చే వైపు జాలీ తప్పనిసరి.

ఏ భాగం తర్వాత ఏ భాగం పెట్టాలని తల పగలగొట్టుకోకండి. నిమిషానికి 4 లీటర్లు తిరిగే లూపులో 400 వాట్ల వేడి మొత్తం కలిసినా నీళ్లు సుమారు ఒకటిన్నర డిగ్రీ మాత్రమే వేడెక్కుతాయి. గ్రాఫిక్స్ కార్డు ముందున్నా ప్రాసెసర్ ముందున్నా పెద్ద తేడా రాదు. ట్యూబు ఎటు పొట్టిగా, మెలిక పడకుండా వెళ్తే అటే వెళ్లనివ్వండి. నియమం ఒక్కటే: రిజర్వాయర్ (నీళ్ల తొట్టి) పంపుకి ముందు, పంపు కన్నా ఎత్తులో ఉండాలి. పంపుకి కందెన ఆ నీళ్లే. పొడిగా తిరిగితే దాని బేరింగు పాడవుతుంది. రెండూ కలిసి వచ్చే సెట్టు కొంటే ఈ బెంగ ఉండదు.

ప్రాసెసర్ బ్లాకు కొనేటప్పుడు సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) సరిపోతుందా అన్నది చూస్తే చాలు. గ్రాఫిక్స్ కార్డు బ్లాకు అలా కాదు. ఒకే చిప్పుతో వచ్చిన రెండు కంపెనీల కార్డుల్లో బోర్డు మీద కాయిళ్లు, కెపాసిటర్లు వేరే చోట్ల ఉండొచ్చు. మీ కార్డు పూర్తి మోడల్ పేరు బ్లాకు కంపెనీ ఇచ్చే జాబితాలో ఉంటేనే కొనండి. దానితో వచ్చే థర్మల్ ప్యాడ్లు (వేడిని బ్లాకుకి చేర్చే మెత్తటి పట్టీలు) చెప్పిన మందంలోనే వాడాలి. 1 మి.మీ. ఉండాల్సిన చోట 1.5 పెడితే బ్లాకు పైకి లేచి అసలు చిప్పుకే ఆనదు.

మొదటిసారి కాబట్టి గట్టి ట్యూబు జోలికి పోకండి, మెత్తదే తీసుకోండి. నల్లటి ఈపీడీఎం రబ్బరు ట్యూబు అందంగా ఉండకపోవచ్చు, కానీ నమ్మకమైనది. పారదర్శకంగా ఉండే పీవీసీ ట్యూబులో మెత్తదనం కోసం కలిపే పదార్థం వేడి నీళ్లలోకి మెల్లగా దిగుతుంది. అర మిల్లీమీటరు కూడా లేని ప్రాసెసర్ బ్లాకు సందుల్లో అదే తెల్లటి జిగురులా పేరుకుంటుంది. ట్యూబు కొలతలు రెండూ ఫిట్టింగుతో కలవాలి. 10/16 అంటే లోపల 10, బయట 16 మి.మీ. దీనికి 10/13 ఫిట్టింగు తెస్తే పైన నట్టు ఎక్కనే ఎక్కదు. ఫిట్టింగులు భాగానికి రెండు చొప్పున లెక్కేయండి: రెండు బ్లాకులు, రెండు రేడియేటర్లు, ఒక పంపు సెట్టు, మొత్తం పది. నీళ్లు తీయడానికి అడుగున T ఆకారపు జాయింటు పెట్టి వాల్వు బిగిస్తారు, దానికి మరో రెండు. అదనంగా రెండు. 14 కొంటే మధ్యలో పని ఆగదు. ట్యూబు 3 మీటర్లు చాలు. వాల్వు అనవసర ఖర్చని మానేయకండి, ఏడాది తర్వాత నీళ్లు మార్చే రోజున దాని విలువ తెలుస్తుంది.

ఇప్పుడు కూలెంట్, అంటే లూపులో తిరిగే ద్రవం. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వద్దు. గీజరు కడ్డీకి పట్టే తెల్ల పెచ్చు చూసే ఉంటారు, బ్లాకులోనూ అదే పడుతుంది. ఇంట్లో ఆర్వో నీళ్లూ పనికిరావు, తాగడానికి బాగుండాలని అందులో ఖనిజాలు కొంత ఉంచుతారు. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ అనో డీమినరలైజ్డ్ అనో రాసి ఉన్న క్యాను అడగండి. ఆ పక్కనే యాసిడ్ క్యాన్లు కూడా ఉంటాయి, లేబుల్ రెండుసార్లు చదవండి. ఇంటికి తెచ్చాక టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) ముంచితే సున్నా దగ్గరే చూపించాలి.

అయితే ఉత్త డిస్టిల్డ్ నీళ్లు కూడా చాలవు. పాచి పట్టకుండా ఒక మందు, తుప్పు పట్టకుండా ఒక మందు ఉండాలి. రెండూ కలిపిన రెడీమేడ్ కూలెంట్ మొదటి లూపుకి మంచిది, అదీ రంగు లేనిది. లూపులో పట్టేది ఒక లీటరు లోపే. చిందడానికి, పైన పోయడానికి కలిపి రెండు లీటర్లు తీసుకోండి. పాలలా చిక్కగా, ముత్యంలా మెరుస్తూ కనిపించే రకాలు మాత్రం వద్దు. ఆ మెరుపు నీళ్లలో తేలే సన్నటి పొడి వల్ల వస్తుంది, కొన్ని నెలలకు అది దిగి సందుల్ని మూసేస్తుంది. రంగు కావాలంటే లైట్లు పెట్టుకోండి. రెండు కంపెనీల కూలెంట్లు కలపకండి. రెడీమేడ్ దాంట్లో అదనంగా మందు చుక్కలు వేయకండి. కారు కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో దాన్ని అసలు వాడకండి. కరెంటు పాకని కూలెంట్ అని ప్రచారం చేస్తారు. లూపులో కొన్నాళ్లు తిరిగి లోహం కొద్దిగా కరిగి చేరాక ఏ నీళ్లైనా కరెంటుని ఎంతో కొంత పాకిస్తాయి, ఆ ధీమాతో లీకుని తేలిగ్గా తీసుకోకండి.

బిగించే ముందు కొత్త రేడియేటర్లని కడగాలి. టంకం వేసినప్పటి మడ్డి లోపలే ఉంటుంది. బ్యాటరీ షాపులో తెచ్చిన డిస్టిల్డ్ నీళ్లు వేడి చేసి సగం పోసి, మూతలు పెట్టి, రెండు నిమిషాలు ఊపి, తెల్ల పింగాణీ గిన్నెలోకి వంపండి. మొదటిసారి నల్లటి నలకలు, నీలి ఛాయ కనిపిస్తాయి. గిన్నె అడుగు శుభ్రంగా కనిపించేదాకా మళ్లీ మళ్లీ చేయండి, సాధారణంగా మూడు నాలుగు సార్లు పడుతుంది.

ఫిట్టింగులకి టెఫ్లాన్ టేపు చుట్టకండి. ఇంటి పైపుల్లో నీళ్లు ఆపేది మర. ఇక్కడ ఆపేది మర మొదట్లో ఉండే రబ్బరు ఓ-రింగు. అది గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసి చేత్తోనే బిగించండి. పానా పెట్టి తిప్పితే రింగు నలుగుతుంది, యాక్రిలిక్ బ్లాకైతే పగులుతుంది.

నీళ్లు పోసే ముందు గాలి పరీక్ష చేయండి. లీక్ టెస్టర్‌తో (ముల్లున్న మీటరుతో వచ్చే చిన్న గాలి పంపు) అర బార్ ఒత్తిడి పెట్టి పావుగంట ఆగండి. ముల్లు దిగితే ఫిట్టింగులు ఒక్కొక్కటే చూడండి. తర్వాత పవర్ సప్లై నుంచి పంపుకి తప్ప మదర్‌బోర్డుకి, గ్రాఫిక్స్ కార్డుకి, దేనికీ కరెంటు ఇవ్వకండి. 24 పిన్నుల జంపర్ ప్లగ్గు ఒకటి కొంటే పవర్ సప్లైని విడిగా ఆన్ చేయొచ్చు. ఇప్పటి వైర్లు చాలావాటిలో అన్నీ నల్లగానే ఉంటాయి కనుక తీగ ముక్కతో అంచనా మీద కలపడం ప్రమాదం. రిజర్వాయర్ నింపి, రెండు మూడు సెకన్లు నడిపి, అది ఖాళీ కాకముందే ఆపి మళ్లీ నింపండి. నీళ్లు నిలకడగా ఉన్నాక కేబినెట్‌ని అటూ ఇటూ వాల్చి గాలి బుడగలు వదిలించండి. ప్రతి ఫిట్టింగు కింద టిష్యూ పేపరు పెట్టి 24 గంటలు పంపు మాత్రమే తిప్పండి. పేపరు మీద గోరంత తడి మచ్చ కనిపించినా ఆపి, నీళ్లు తీసి, ఆ రింగు విప్పి చూడాల్సిందే.

నీళ్లు పోసిన తేదీ కాగితం మీద రాసి కేబినెట్ లోపల అంటించండి, 12 నెలలకు మార్చాలి. తీసిన నీళ్లు గాజు సీసాలో పట్టి వెలుతురుకి ఎత్తి చూడండి. జిగటగా తీగలుంటే పాచి, ఆకుపచ్చ ఛాయ ఉంటే చిలుము, తెల్లటి రేకులుంటే ట్యూబు నుంచి దిగిన పదార్థం. ఈ మూడింట్లో ఏది కనిపించినా కొత్త నీళ్లు పోసేయకుండా ముందు ప్రాసెసర్ బ్లాకు విప్పి, మెత్తటి టూత్‌బ్రష్‌తో సందులు కడగండి.

ఇట్లు,
మీ పెదనాన్న