గోడ మీది సర్టిఫికెట్, కౌంటర్ దగ్గర లేని మనిషి

మా చిన్నమ్మ హన్మకొండలో మోకాళ్లకు ఒక డాక్టరుకు, నడుముకు ఇంకో డాక్టరుకు చూపించుకుంది. రెండు చీటీలూ ఒకే మెడికల్ షాపులో ఇచ్చింది. రెండింట్లోనూ ఉన్నది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందే, కంపెనీ పేర్లే వేరు. కౌంటర్లో ఉన్న పిలగాడు రెండు రకాలూ కత్తిరించి కవర్లో వేశాడు. వారం తిరక్కుండానే కడుపులో మంట, నల్లటి విరేచనాలు, ఆసుపత్రి. ఆ షాపు గోడకు ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంది. ఆ మనిషి మాత్రం ఏ రోజూ అక్కడ ఉండడని తర్వాత తెలిసింది.

రాసేది ఒకరైతే, దాన్ని సరిచూసి ఇచ్చేది చదువుకున్న మరొకరు కావాలన్న ఆలోచన మనకు సుమారు తొంభై ఏళ్ల నాటిది. మలేరియాకు క్వినైనే దిక్కైన రోజుల్లో బజారులో నాసిరకం క్వినైన్ అమ్ముడుపోయేది. ఆ ఫిర్యాదుల మీద 1930లో రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన కమిటీ వేశారు. మందుల నాణ్యతకు చట్టం కావాలని, మందులిచ్చేవాళ్లకు శిక్షణ, రిజిస్ట్రేషన్ ఉండాలని ఆ కమిటీ చెప్పింది. మొదటిది 1940 ఔషధ చట్టమైంది, రెండోది 1948 ఫార్మసీ చట్టమైంది. నిజాం ఏలుబడిలోని వరంగల్‌కు 1940 చట్టం వెంటనే రాలేదు. 1951లో హైదరాబాద్ రాష్ట్రానికి విస్తరించాకే వచ్చింది.

అప్పటిదాకా మనకున్నది కాంపౌండరే. ఎర్రమందు కలిపి, సీసాకు గాట్లు పెట్టిన కాగితం అతికించి, పూటకెంతో చెప్పి పంపేవాడు. అలా ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు 1948 చట్టం తొలి రిజిస్టరులో చోటిచ్చింది. ఆ మర్యాద నాకు నచ్చుతుంది: పని తెలిసిన మనిషి కౌంటర్ దగ్గర ఉండాలన్నదే అసలు ఉద్దేశం.

ఆ 1940 ఔషధ చట్టం కింద వచ్చిన 1945 నియమాల్లోని 65వ నియమం చదివితే ఈ ఉద్దేశం ఇంకా తేటగా కనిపిస్తుంది. చీటీ మీద డాక్టరు సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మందు మోతాదు ఉండాలి. మళ్లీ ఇవ్వవచ్చని డాక్టరు రాయకపోతే ఒక చీటీకి ఒక్కసారే మందు. ఇచ్చిన షాపు తన పేరు, తేదీ ఆ చీటీ మీదే వేయాలి. రాసిన మందుకు బదులు వేరేది ఇవ్వకూడదు. ఇదంతా ఫార్మసిస్టు పర్యవేక్షణలో జరగాలి. మన దగ్గరేమో మడతలు చిరిగిన రెండేళ్ల నాటి చీటీ చూపించి "గవే గోలీలు ఇయ్యన్నా" అంటే చాలు.

యాంటీబయాటిక్స్‌తో భయం ఇంకా పెరిగింది. 2010లో ఎన్‌డీఎం-1 అనే, మందులకు లొంగని బ్యాక్టీరియా జన్యువు మీద దేశమంతా గొడవ జరిగింది. మరుసటేడు ఇలా మందులకు లొంగని క్రిముల మీద జాతీయ విధానం వచ్చింది. గట్టి నిబంధనలతో అమ్మాల్సిన మందులకు విడిగా ఒక షెడ్యూలు, అంటే జాబితా, పెడతామంటే మందుల వ్యాపారులు వ్యతిరేకించారు. చివరికి 2013లో ప్రకటించిన హెచ్1 షెడ్యూలు 2014 మార్చి 1 నుంచి 46 మందులతో అమల్లోకి వచ్చింది: కొన్ని బలమైన యాంటీబయాటిక్స్, టీబీ మందులు, అలవాటుపడే మత్తు మందులు. వీటిని అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి.

ఆ జాబితాలోని అల్ప్రాజోలం అనే మత్తు మందు ఉత్తర తెలంగాణకు కొత్త కాదు. నిజామాబాద్ వైపు కల్లులో కలిపేది అదే. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు, దానికి అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానలేక మూర్ఛలతో, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు వచ్చారు. కల్లులోకి పోయే పొడి మెడికల్ షాపు సరుకు కాదు. అయినా నిద్ర పట్టట్లేదని చీటీ లేకుండా కొనే గోలీలోనూ ఉండేది ఆ మందే.

2015లోనే ఫార్మసీ ప్రాక్టీసు నియమావళి వచ్చింది. మందు ఎలా వాడాలో, దేనితో కలిపి వాడకూడదో రోగికి చెప్పడం ఫార్మసిస్టు బాధ్యతని అది రాసిపెట్టింది. మనకు చదివినవాళ్ల కొదవ లేదు. కాకతీయ విశ్వవిద్యాలయంలోనే ఫార్మసీ కళాశాల ఉంది. కొదవ జీతానికి. సర్టిఫికెట్ అద్దెకు తెచ్చుకోవడం మనిషిని పెట్టుకోవడం కన్నా చవక.

చిన్నమ్మ ఇప్పుడు ఏ షాపుకు పోయినా ముందు "ఫార్మసిస్టు ఎవరు బిడ్డా?" అని అడుగుతుంది. రెండు చోట్ల జవాబు రాలేదు. మూడో చోట తెల్లకోటు వేసుకున్న అమ్మాయి లేచి వచ్చి, ఇంకేమైనా మందులు వాడుతున్నారా, పాత చీటీలు ఉన్నాయా అని అడిగింది.