అసెంబ్లీ మొదలైతే ఎమ్మెల్యే చేసేదేంది? అపోహలు, అసలు సంగతులు

చిత్తూరు జిల్లాలో ఒక ఎమ్మెల్యే గారి దగ్గర అసెంబ్లీ పనులు చూస్తుంటా. క్వశ్చన్లు టైప్ చేసేది, ఫైళ్ళు కట్టేది, అవన్నీ మోసుకుని వెలగపూడికి పోయేది నేనే. ఏ పార్టీ, ఏ నియోజకవర్గం అని మాత్రం అడగొద్దు, ఉద్యోగం ఉండాలి కదా. సెషన్ మొదలైందంటే చాలు టీకొట్టు కాడ, వాట్సాప్ గ్రూపుల్లో అవే మాటలు, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: గవర్నర్ స్పీచ్ రోజు ఎమ్మెల్యేలకి పనేమీ ఉండదు, కూర్చొని లేచి వచ్చేదే.

ఆ రోజు క్వశ్చన్ అవర్ (ఎమ్మెల్యేలు అడిగినదానికి మంత్రులు జవాబు చెప్పే టైము) ఉండదు, అంతవరకు నిజమే. ఎన్నికలైనాక మొదటి సెషన్, ఆ తర్వాత ఏటా మొదటి సెషన్ గవర్నర్ ప్రసంగంతోనే మొదలవ్వాలని రాజ్యాంగం 176వ ఆర్టికల్‌లో ఉంది, 175 మంది ఎమ్మెల్యేలు, 58 మంది ఎమ్మెల్సీలు కలిసి కూర్చుంటారు. చదివేది గవర్నరే గానీ అది ఆయన సొంత మాట కాదు, క్యాబినెట్ ఓకే చేసి ఇచ్చింది. 2023 జనవరిలో పక్కనే తమిళనాడులో గవర్నర్ రవి గారు కొన్ని లైన్లు వదిలేసి చదివితే, ప్రభుత్వం ఇచ్చిన పాఠమే రికార్డుల్లో ఉండాలని స్టాలిన్ గారు అక్కడికక్కడే తీర్మానం పెట్టారు, గవర్నర్ మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు, మన బోర్డర్ ఊళ్ళల్లో అందరూ చూసిందే.

మాకు అసలు పని ఆ స్పీచ్ కాపీ చేతికొచ్చాకే మొదలు. మన జిల్లా పేరు ఎక్కడుంది, హంద్రీ-నీవా సాగునీటి ప్రాజెక్టు గురించి ఏమన్నారు, పోయినేడు చెప్పిందే మళ్ళీ చెప్పారా అని పాత కాపీ పక్కన పెట్టుకుని గీతలు గీస్తాం, ఎందుకంటే ధన్యవాద తీర్మానం (గవర్నర్ ప్రసంగానికి సభ థాంక్స్ చెప్తూ పెట్టే తీర్మానం) మీద మాట్లాడే ఛాన్స్ వస్తే ఆ కాగితమే ఆధారం. స్పీచ్‌నే బడ్జెట్ అనుకునేవాళ్ళూ ఉన్నారు. రెండూ వేరు సామీ. 2025లో గవర్నర్ అబ్దుల్ నజీర్ గారి ప్రసంగం ఫిబ్రవరి 24న అయింది, ఆర్థిక మంత్రిగా పయ్యావుల కేశవ్ గారు 3.22 లక్షల కోట్ల బడ్జెట్ పెట్టింది 28న.

అపోహ: "ఏంన్నా, మీ సారు టీవీలో నోరే తెరవలేదే, నిద్రపోతా ఉండాడా?"

ఇది వింటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. టీవీలో కనపడేది చివరి రెండు నిమిషాలు. దాని వెనకాల పని సెషన్‌కి చాలా రోజుల ముందే మొదలవుతుంది, క్వశ్చన్ నోటీసు గడువులోపల అసెంబ్లీ సెక్రటేరియట్‌కి చేరాలి. స్టార్ క్వశ్చన్ అయితే మంత్రి లేచి జవాబు చెప్పాలి, దాని మీద ఉపప్రశ్నలు వేయొచ్చు. స్టార్ లేనిదానికి జవాబు కాగితం మీద వస్తుంది, టీవీలో రాదు, కానీ కొన్నిసార్లు అదే ఎక్కువ పనికొస్తుంది. గొడవలో క్వశ్చన్ అవర్ ఎగిరిపోయిందనుకోండి, జవాబులు సభ ముందు పెట్టేస్తారు, ఉపప్రశ్న వేసే ఛాన్స్ పోయినట్టే.

క్వశ్చన్ రాయడంలోనే ఉంది అంతా. "మామిడి రైతులకి గిట్టుబాటు ధర ఇస్తారా" అని రాస్తే "పరిశీలనలో ఉంది" అని ఒక్క ముక్క వస్తుంది, దాన్ని ఏం చేసుకోవాల? 2025లో తోతాపురి రేటు పడిపోయినప్పుడు ఫ్యాక్టరీ కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలన్నారు కదా. అప్పుడు ఇట్లా రాయాలి: అ) ఆ 4 రూపాయలు ఎంతమంది రైతుల ఖాతాల్లో పడినవి, మండలాలవారీగా, ఆ) 8 రూపాయల లెక్కన చెల్లించని ఫ్యాక్టరీలు ఉన్నవా, ఇ) ఉన్నచో, వసూలుకు తీసుకున్న చర్యలేమిటి. దీనికి "పరిశీలనలో ఉంది" అని తప్పించుకోవడం కష్టం, అంకెలు ఇవ్వాలి. ఆ అంకెల కోసం కాగితం డిపార్ట్‌మెంట్‌కి పోయి, అక్కణ్ణించి జిల్లా ఆఫీసుకి దిగుతుంది. అప్పుడు మాకు ఫోన్లు మొదలు: "ఏంన్నా, ఆ క్వశ్చన్ అట్లే ఉంచాల్నా, మేము పని చేసేస్తాం కదా" అని. సభలో ఇంకా జవాబే రాలేదు, ఊర్లో రావాల్సిన డబ్బుల బిల్లు కదిలిపోతుంది! పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు తొక్కిన పంటకి పరిహారం సంగతైనా అంతే, ఎన్ని అర్జీలు, ఎన్నింటికి డబ్బులిచ్చారు అని అడగాలి గానీ "ఏనుగుల సమస్య తీరుస్తారా" అని కాదు.

ఇంకోటి, మంత్రి సభలో "చేస్తాం" అన్నాడంటే అది గాలిమాట కాదు, ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని పట్టుకుని అడగొచ్చు. మాలాంటోళ్ళు రికార్డులో ఆ లైన్‌ని రెడ్ పెన్నుతో రౌండ్ చేసి దాచేది అందుకే.

అపోహ: ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి అడగొచ్చు.

అడగలేరు. సభ ఎన్ని రోజులు, ఏ రోజు ఏం చర్చ అనేది బీఏసీలో (సభ పనులు ఖరారు చేసే బిజినెస్ అడ్వైజరీ కమిటీ) తేలుస్తారు, టైము పార్టీలవారీగా పంచుతారు, ఆ వాటాలోంచే మన సారుకి రావాలి. మైకు స్పీకర్ గారు ఇస్తేనే. జీరో అవర్‌లో (క్వశ్చన్ అవర్ అయినాక సమస్యలు చెప్పుకునే టైము) ఏదైనా చెప్పుకోవచ్చు గానీ అక్కడ మంత్రి అప్పటికప్పుడు జవాబు చెప్పి తీరాలని ఏమీ లేదు.

అపోహ: 60 రోజులు రాకపోతే ఎమ్మెల్యే సీటు పోతుంది.

క్యాలెండర్ లెక్క వేసి పోస్టులు పెడుతున్నారు చూడండి, అది తప్పు. 190వ ఆర్టికల్ ప్రకారం అనుమతి లేకుండా 60 రోజులు అన్ని సమావేశాలకీ రాకపోతే సీటు ఖాళీ అని సభ ప్రకటించవచ్చు, దానంతట అదే పోదు. పైగా సభ ప్రొరోగ్ అయిన (సెషన్ ముగించేసిన) కాలం, వరసగా నాలుగు రోజులకి మించి వాయిదా పడిన కాలం లెక్కలోకి రావు. అసెంబ్లీ ఏడాదిలో కూర్చునే రోజులు చూస్తే ఆ అరవై నిండడం ఎంత లేటో మీకే అర్థమవుతుంది. ఖాళీ కుర్చీల ఫొటోలు పెట్టి సభ చెల్లదు అనేవాళ్ళకి కూడా, కోరం (సభ నడవాలంటే ఉండాల్సిన కనీస సభ్యులు) పదో వంతు చాలు, అంటే మనకి 18 మంది.

అపోహ: ఎమ్మెల్యే తల్చుకుంటే చట్టం తెచ్చేస్తాడు, నిధులు రాసేస్తాడు.

మంత్రి కాని ఎమ్మెల్యే కూడా సొంతంగా బిల్లు (ప్రైవేటు బిల్లు అంటారు) పెట్టొచ్చు, నెగ్గడం కష్టం. ఖజానా నుంచి ఖర్చయ్యే బిల్లుకి గవర్నర్ సిఫార్సు కావాలి, అంటే ప్రభుత్వం ఒప్పుకోవాలి.

ఇక తిరుపతి, చిత్తూరు ఎమ్మెల్యే ఆఫీసులకే స్పెషల్‌గా ఉన్న అపోహ ఒకటి: ఎమ్మెల్యే అంటే బ్రేక్ దర్శనం లెటర్ ఇచ్చే మనిషి. మంత్రి జవాబు చదువుతా ఉంటే నా ఫోన్లో "అన్నా, రేపటికి ఒక లెటర్" అని మెసేజ్. ఇక్కడి అల్లుడు, బెంగళూరు నుంచి వచ్చిన బాస్, బాస్ వాళ్ళ అత్తగారు, అందరికీ కావాలి. లెటర్ ఉన్నా 500 టికెట్ కట్టాల్సిందే, ఇచ్చేదీ లేనిదీ టీటీడీ ఇష్టం. వైకుంఠ ఏకాదశికి, బ్రహ్మోత్సవాలకి సిఫార్సు లెటర్లే తీసుకోరు. నేను తప్పుపట్టట్లేదు, స్వామి దర్శనం ఎవరికి వద్దు? కానీ ఎమ్మెల్యే దగ్గరికి ఒక పని మీద వస్తే లెటర్ కాకుండా ఒక అర్జీ కూడా తెండి, సర్వే నంబరు, మండలం, ఆఫీసులో ముందు ఇచ్చిన అర్జీ తేదీ, రసీదు జిరాక్స్‌తో. బడ్జెట్ సెషన్‌కైతే సంక్రాంతి పండగ అయిన వెంటనే ఇచ్చేయండి. గవర్నర్ స్పీచ్ టీవీలో చూసి పరిగెత్తుకొస్తే, నోటీసు గడువు అప్పటికి అయిపోయి ఉంటుంది.