స్టో ఉద్యానంలో రాజకీయం నాటిందెవరు?

ఇంగ్లండ్‌లోని చారిత్రక ఉద్యానాల్లో ఉన్న స్మారకాలపై వాదన మళ్లీ రాజుకుంది. చారిత్రక భవనాలను, తోటలను సంరక్షించే సంస్థ నేషనల్ ట్రస్ట్ తన అధీనంలోని 93 స్థలాలకు వలస పాలనతో, బానిస వ్యాపారంతో ఉన్న సంబంధాలను 2020 సెప్టెంబరులో బయటపెట్టినప్పటి నుంచీ, ప్రశాంతమైన తోటల్లోకి రాజకీయాన్ని లాగుతున్నారన్నదే ప్రధాన ఆరోపణ. అది ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే ట్రస్ట్ చేతిలోనే ఉన్న బకింగ్‌హామ్‌షైర్‌లోని స్టో ఉద్యానానికి, 1733వ సంవత్సరానికి వెళ్లాలి.

ఆ ఏడాది ప్రధాని వాల్పోల్ వైన్, పొగాకులపై ఎక్సైజ్ సుంకం విధించబోగా, స్టో యజమాని, సైనికాధికారి లార్డ్ కోభమ్ ఎదిరించి తన రెజిమెంట్ నాయకత్వాన్ని పోగొట్టుకున్నాడు. ఆ పరాభవానికి ఆయన సమాధానం తోటలోనే రూపుదిద్దుకుంది. వాస్తుశిల్పి విలియం కెంట్ గీసిన నమూనాతో కట్టిన బ్రిటిష్ మహనీయుల మందిరంలో పదహారు అర్ధప్రతిమలు కొలువుదీరాయి. ఆల్ఫ్రెడ్ రాజు, మిల్టన్, న్యూటన్‌ల సరసన, సుంకాన్ని పార్లమెంటులో వ్యతిరేకించిన లండన్ సభ్యుడు జాన్ బర్నార్డ్ కూడా ఉన్నాడు. అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. కొద్ది దూరంలో ‘ఆధునిక సద్గుణ మందిరం’ కావాలనే శిథిలంగా కట్టించి, అందులో తలలేని విగ్రహాన్ని నిలిపారు. అది వాల్పోలేనని చూసినవారికి అర్థమైంది.

సుంకాన్ని ఎదిరించిన కోభమ్ వర్గం తాము కాపాడతామన్న స్వేచ్ఛ ఎవరిదన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. వివాదానికి మూలమైన పొగాకును అమెరికా వలసల్లో బానిసలు పండించారు. మందిరంలోని తత్త్వవేత్త జాన్ లాక్, బానిస వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాదారు. బానిస వ్యాపారి హాకిన్స్ వెంట బానిసల వేట యాత్రలకు వెళ్లిన నావికుడు డ్రేక్‌ను, ఎరుగని సముద్రాలకు, జాతులకు ఆంగ్లేయుల కీర్తిని మోసుకెళ్లినవాడిగానే శాసనం కొనియాడుతుంది.

గూళ్లలోంచి ప్రతిమలను తీసేస్తే కెంట్ రచన దెబ్బతింటుందన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ పక్కన ఒక వివరణ ఉంచితే తోటకు ఏ హానీ లేదు. వివరణ అవసరం డ్రేక్ దగ్గరే ఆగదు కూడా. కోభమ్ వారసుల కాలంలో అదే ఉద్యానంలోని ‘సామరస్య, విజయ మందిరం’లో ఫ్రాన్స్ తదితరులతో బ్రిటన్ చేసిన సప్తవర్ష సంగ్రామ విజయాలను గుండ్రని శిల్పఫలకాలుగా అమర్చారు. వాటిలో పశ్చిమాఫ్రికాలోని బానిసల ఎగుమతి స్థావరాలైన గోరే, సెనెగల్ ఉన్నాయి, బానిసల చెమటతో చక్కెర పండించిన కరీబియన్ దీవి గ్వాడెలూప్ ఉంది, 1761లో ఫ్రెంచివారి నుంచి గెలుచుకున్న మన పాండిచ్చేరి కూడా ఉంది.